గేజికి అందని నీళ్ళు

2017 మే నెల. ఏలూరులో ఒక ఇరిగేషన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరుగా నాకు అది పందొమ్మిదో ఏడు. ఉదయం తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కడం, సాయంత్రం అదే పాసింజరులో తిరిగి రావడం. నా సెక్షన్‌లో ఒక ఏరు ఉండేది. ద్వారకా తిరుమల వైపు మెరకల్లోంచి వచ్చి, భీమడోలు దాటి కొల్లేట్లో కలుస్తుంది. దాని పేరు రాయను. రాస్తే నొచ్చుకునేవాళ్ళు ఆఫీసులో ఇంకా ఉన్నారు. ఎగువన దానికి డ్యాం కట్టి అప్పటికే చాలా ఏళ్ళయింది.

ఆ ఏటి మీద ఒక వంతెన, వంతెన స్తంభానికి ఒక గేజి. గేజి అంటే పెద్ద యంత్రమేమీ కాదు, స్తంభం మీద రంగుతో అడుగులు గీసిన కొలబద్ద. గేజి పెట్టిన రోజున ఏటి అడుగు ఎక్కడుందో అక్కడ సున్నా. అక్కణ్ణించి పైకి ఒకటి, రెండు, మూడు. మా లస్కర్ అప్పారావు రోజూ పొద్దున్నే సైకిలు మీద వెళ్ళి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి రిజిస్టరులో రాస్తాడు. కాలవలనీ ఏళ్ళనీ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగికి మా శాఖలో లస్కర్ అని పేరు. డ్యాంకి ముందు వరదొస్తే ఎనిమిది, తొమ్మిది అడుగులు రాసిన రిజిస్టరు, తరవాత్తరవాత రెండడుగులకి వచ్చింది. వేసవిలో అయితే వరసగా నిల్, నిల్, నిల్. డ్యాం ఏటిని లొంగదీసిందని మేమంతా సంతోషించాం.

వంతెనకి కాస్త దిగువన సుబ్బలక్ష్మి గారికి ఎకరన్నర పొలం. ఏటి ఒడ్డున వరసగా కొబ్బరి చెట్లు, లోపల మొక్కజొన్న. భర్తకి మోకాళ్ళ జబ్బు కాబట్టి వ్యవసాయమంతా ఆవిడదే. వాళ్ళకి ఇంకో సెంటు నేల ఎక్కడా లేదు. ఏరు గట్టు కోసేస్తోందని, పొలం పోతోందని ఆవిడ మూడేళ్ళు వరసగా సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టారు. మూడుసార్లూ జవాబు రాసింది నేనే. "సదరు ఏటిలో గరిష్ఠ ప్రవాహం రెండడుగులు మాత్రమే అయినందున గట్టు కోతకు ఆస్కారం లేదు." మొదటిసారి ఆలోచించి రాశాను. తక్కిన రెండుసార్లూ దాన్నే తేదీ మార్చి దించాను.

నాలుగోసారి ఆవిడ అర్జీ లేకుండా నేరుగా నా టేబులు దగ్గరికే వచ్చారు.

"ఏవండీ, ఆ రెండడుగులు కొలిచింది ఎవరండీ?"

"మా లస్కరేనమ్మా. రోజూ వెళ్ళి చూస్తాడు."

"చూడట్లేదని నేనన్లేదండీ. మీరోసారి వచ్చి మా ఇంజను పైపు చూడండి. చూశాక కూడా లేదంటే మళ్ళీ మీ గుమ్మం తొక్కను బాబూ."

నిజం చెప్పాలంటే, ఆవిడ మళ్ళీ రాకుండా ఉంటారన్న ఆశతోనే వెళ్ళాను.

ఏటి నీళ్ళు తోడే ఆయిలు ఇంజను గట్టు మీద ఉంది. దాని పైపు ఏట్లోకి దిగి ఉంది. పైపు ఒక్కటే అయినా నాలుగు చోట్ల అతుకులు. ఒక ముక్క నల్లది, ఒకటి బూడిద రంగుది, ఒకదానికి ట్యూబు రబ్బరు బిగించి కట్టారు.

"ఈ నల్ల ముక్కే మొదట కొన్నదండి. అప్పుడు ఇదొక్కటే నీళ్ళకి అందేది" అన్నారు ఆవిడ. "తరవాత అందక ఇది అతికాం. మరుసటేడు ఇదండి. ఏటి అడుగు దిగిపోతా ఉంటే మేమూ ముక్క అతుకుతానే ఉన్నామండి."

అతుకు పెట్టిన ముక్కలకి టేపు పెట్టి కొలిచాను. ఎనిమిదడుగుల పైచిలుకు వచ్చింది. గట్టు అంచుకి వెళ్ళి తొంగి చూస్తే, కొబ్బరి చెట్ల వేళ్ళు సగం గాలిలో వేలాడుతున్నాయి.

"ఇదివరకు ఎర్రనీళ్ళొచ్చేవండి. మునిగినా ఒండ్రు పెట్టి పోయేవి. ఇప్పుడు తేటనీళ్ళొస్తన్నాయి. వచ్చినప్పుడల్లా ఇంత తిని పోతన్నాయండి."

మా పుస్తకాల్లో దీనికి 'హంగ్రీ వాటర్' అని పేరు. ఆకలి నీళ్ళన్నమాట. వరద తెచ్చే మట్టినీ ఇసకనీ డ్యాం తన దగ్గరే ఆపేసుకుంటుంది. గేటు ఎత్తితే వచ్చేవి ఉత్త నీళ్ళు. మోయడానికి బరువు లేని ఆ నీళ్ళు దిగువన ఏటి అడుగునీ గట్టునీ కోసి ఆ బరువు నింపుకుంటాయి. ఇసక ట్రాక్టర్ల పాపమూ అందులో కొంత ఉంది. ఇదే ప్రశ్నకి జవాబు రాసి నేను పరీక్ష పాసయ్యాను. మార్కులు బాగానే వచ్చాయి కూడా.

అక్కణ్ణించి అప్పారావుని తీసుకుని వంతెన కిందకి దిగాను. స్తంభం పునాది కాంక్రీటు బయటపడి ఉంది. గేజి సున్నా నా తలకన్నా పైన ఉంది. దాని కింద మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. అంటే ఏటి అడుగు ఎనిమిదడుగులు దిగిపోయింది, మేము రెండడుగులు రాసిన రోజున నిజంగా ఉన్నవి పదడుగులు.

"సున్నా కిందకి దిగిపోతే నిల్ అని ఎందుకు రాశావయ్యా?" అని అరిచాను.

"రిజిస్టరులో మైనస్‌కి గడి లేదు కదండీ. మొదట్లో అడిగానండి. నిల్ అని రాసెయ్యమన్నారు."

"ఎవరన్నారు?"

"మీరేనండి" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

ఆ సాయంత్రమే ఉన్నదున్నట్టు రిపోర్టు రాశాను. గేజి తప్పు, నా జవాబులు తప్పు, గట్టుకి రివెట్‌మెంటు అత్యవసరం అని. రివెట్‌మెంటు అంటే గట్టు కోసుకుపోకుండా వాలుగా రాళ్ళు పేర్చడం. మా పై అధికారి అది రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"నువ్వు చెప్పింది నిజమేనయ్యా. కానీ గేజి తప్పంటే ఇన్నేళ్ళ రిజిస్టర్లూ తప్పే. వాటి మీద సంతకాలెవరివి?"

సంతకాలు నావి. మర్నాడు ఆ రిపోర్టు చింపేసి ఇంకోటి రాశాను. "గేజి సున్నాను పునఃపరిశీలించవలసి ఉన్నది. రివెట్‌మెంటు విషయము పరిశీలించవచ్చును." అత్యవసరం అన్న మాట తీసేశాను. ఆయన తీయమనలేదు, నేనే తీశాను. ఇది ఎప్పుడు తలుచుకున్నా నా మీద నాకే రోత పుడుతుంది. అత్యవసరం కాని ఫైలు ఎలా నడుస్తుందో ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ ఆగస్టులో ఎగువన వానలు పడి డ్యాం గేట్లు ఎత్తారు. రెండు రోజుల్లో సుబ్బలక్ష్మి గారి కొబ్బరి చెట్లన్నీ ఏట్లో పడ్డాయి. ఇంజను పోయింది. పొలంలో ఎకరం పోయింది. మనుషులకేమీ కాలేదని మా రిపోర్టులో రాసుకున్నాం. అదే నెలలో కొల్లేటి అంచు ఊరినుంచి ఒక అర్జీ వచ్చింది. ఏరు కలిసేచోట మేట వేసి పడవ కదలడం లేదని. వెళ్ళి చూశాను. అక్కడ నేల బల్లపరుపుగా ఉండి నీళ్ళకి వేగం ఉండదు. మోసుకొచ్చిందంతా అక్కడే దించేసి, ఏరు సన్నబడి పక్కకి తిరిగింది. ఆవిడ పొలం ఎక్కడికి పోయిందో నాకు అక్కడ కనిపించింది.

రివెట్‌మెంటు రెండేళ్ళ తరవాత వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఎస్టిమేటులో నేను గీసిన గట్టు అప్పటికి ఏటి మధ్యలో ఉంది. కాబట్టి కొత్త అంచున వాలు చెక్కి రాళ్ళు పేర్చాలి. ఆ వాలుకి చోటు ఆవిడకి మిగిలిన అరెకరంలోంచే తీయాల్సి వచ్చింది. మొక్కజొన్న వరసలు తవ్వి రాళ్ళు పరుస్తుంటే ఆవిడ గట్టు మీద నిలబడి చూశారు. తిడతారేమోనని నేను దూరంగానే ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

దగ్గరికి వచ్చి, "మీరే రాయించారంట కదండీ. సంతోషం బాబూ" అన్నారు. తరవాత రాళ్ళ వైపు చూసి, "బాగా గట్టిగా కట్టారండి. ఇంక పోదు" అన్నారు.

తల ఊపాను.

ఆనకట్ట కింద ఏటిలో నీళ్ళు తగ్గాయని రాసేముందు, ఏటి అడుగు ఎక్కడుందో దిగి చూడాలి. తప్పు కనిపించిన రోజున దాన్ని తప్పనే రాయాలి. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఈ రెండు ముక్కలే. నేర్చుకున్నది నేను, ఎకరం పొలం పోగొట్టుకున్నది ఆవిడ.