ఇటలీ టోపీల మావయ్య

మా మావయ్యది అసూయ అని రాయపూర్ రైల్వే కాలనీలో ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. ఆ మాట పుట్టించింది నేనే.

ఆయన పాత ఇటలీ ఫెల్టు టోపీలు సేకరించేవాడు. ఏ టోపీ ఇచ్చినా తిరగేసి, లోపలి తోలుపట్టీ మడిచి, కంపెనీ ముద్ర చూసి దాని వయసు చెప్పేవాడు. తలకు మాత్రం ఏదీ పెట్టేవాడు కాదు.

దొరలు వెళ్లిపోయిన కొత్తల్లో, ఇక్కడ రైలు లైను వేయించిన దొరదంటూ ఒక టోపీని మా తెలుగు క్లబ్బులో అద్దాలపెట్టెలో పెట్టాం. మావయ్య తిరగేసి చూశాడు.

“ఈ ముద్ర ఆ దొర చనిపోయాక వచ్చిందిరా. ఇది ఆయనది కాదు.”

“ఛోడో మావయ్యా, వదిలెయ్! నీకు దొరకలేదని కుళ్లు,” అన్నాను. అందరూ నవ్వారు.

మర్నాడు తన టోపీల్లోకెల్లా పాతది, మమ్మల్నెవరినీ ముట్టుకోనివ్వనిది, తెచ్చి బల్లమీద పెట్టాడు.

“ఇది ఆ దొర కాలంనాటిదే. ఆ టోపీ బదులు దీన్ని క్లబ్బుకి ఇచ్చేస్తున్నా. ఎవరిదో తెలియదని రాసి పెట్టండి.”

దొర పేరు లేని టోపీ మాకెందుకని మేం ఒప్పుకోలేదు. ఆయన ఆ టోపీని చేత్తోనే పట్టుకుని, మే నెల ఎండలో బట్టతలతో ఇంటికి నడిచాడు.