అచ్యుతరావుగారూ, బారెల్ లేని రైఫిలూ

ఒక రైఫిల్‌కి క్యాలిబర్ ఎంచుకోవడానికి అచ్యుతరావుగారికి ఐదేళ్లు పట్టింది. ఆయన గురించి ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్క మాటతో సగం మనిషి తెలిసిపోతాడు. పద్మినిగారిని చేసుకుంటానని చెప్పడానికి ఆయనకు పట్టింది పదకొండు నిమిషాలు. టెక్సస్‌లోని ప్లేనోలో ఇల్లు కొనడానికి ఒక మధ్యాహ్నం. క్యాలిబర్‌కి మాత్రం 1979 నుంచి 1984 దాకా.

క్యాలిబర్ అంటే తూటా లావు. బారెల్‌ని, అంటే తుపాకీ గొట్టాన్ని, ఏ తూటాకని తొలిపిస్తే ఆ రైఫిల్ జన్మంతా ఆ తూటానే తింటుంది. "అందుకని తొందరపడకూడదండీ" అనేవారు ఆయన. ముందుగా బోల్టూ ట్రిగ్గరూ ఉండే ఇనప ముక్క ఒకటి కొన్నారు. దానికి బారెల్ లేదు, పిడి లేదు. డైనింగ్ టేబుల్ మీద, ఆవకాయ జాడీ పక్కన, ఓ పాత తువ్వాలు కప్పుకుని ఐదేళ్లూ అదలా కూర్చుంది.

"మా ఇంట్లో దిగిపోయిన చుట్టమండీ. కాఫీ అడగదు, అదొక్కటే నయం" అనేవారు పద్మినిగారు, నాకు అన్నం వడ్డిస్తూ.

చొక్కా జేబులో ఎప్పుడూ అట్టకార్డుల కట్ట ఉండేది. కనిపించిన ప్రతి మనిషినీ అడిగి రాసుకునేవారు. ఆయన పన్ను పీకించుకున్న రోజు మందు మత్తు దిగకుండానే డెంటిస్టుని అడిగారు. డెంటిస్టు థర్టీ-ఆట్-సిక్స్ అనే క్యాలిబర్ పేరు చెప్పాడట. రాసుకున్నారు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి డాలస్ నుంచి పురోహితుడొస్తే, తీర్థం పుచ్చుకుంటూ అడిగారు.

"ఆరువందల గజాల దూరానికండీ. త్రీ-ఓ-ఎయిట్ మంచిదా, త్రీ హండ్రెడ్ మాగ్నమ్ మంచిదా?"

పురోహితుడు తీర్థం గిన్నె పక్కన పెట్టాడు. "ఏదైనా ఫరవాలేదు గానీ, సాయంత్రం పూట పడమటి ముఖంగా మాత్రం కాల్చకండి. ఎండ కళ్లల్లో పడుతుంది."

అదీ రాసుకున్నారు. "ఐదేళ్లలో పనికొచ్చే సలహా ఇచ్చింది ఆయనొక్కరే" అని తరవాత నాతో అన్నారు.

"తేల్చారా మరి?" అని ఎవరడిగినా ఒకటే జవాబు. "ఇంకా డేటా చాలదండీ."

నవ్వుతున్నాను గానీ, తుపాకీ విద్యలో ఆయన ముందు నోరు తెరుచుకుని నిలబడ్డవాణ్ణి నేను. ప్లేనోకి ఉత్తరాన గంట ప్రయాణంలో ఒక పశువుల రాంచ్ పక్కన మేం తుపాకీలు కాల్చే రేంజి. దాన్ని నడిపే హ్యాంక్ రైఫిళ్లు తయారుచేసే పనివాడు కూడా. ఒక శనివారం హ్యాంక్ తన రైఫిల్‌తో ఆరువందల గజాల టార్గెట్‌కి గురిపెట్టి, "గాలి ఎంత తోస్తుంది రావ్?" అని అడిగాడు. అచ్యుతరావుగారు టార్గెట్ వంక చూడనే లేదు. కంచె అవతల మేస్తున్న ఆవు తోక వంక చూశారు. గడ్డి వంక చూశారు. లెక్కలు కట్టే స్లైడ్ రూల్ ఒకసారి జరిపారు.

"కుడికి పదహారు అంగుళాలు."

హ్యాంక్‌కి నమ్మకం కుదరక నేరుగా మధ్యకే కాల్చాడు. వెళ్లి టేపు పెడితే పదహారుంపావు. హ్యాంక్ టోపీ తీసి ఆవుకేసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకోసారి అచ్యుతరావుగారు హ్యాంక్ దగ్గరున్న మాగ్నమ్‌తో వరసగా నలభై తూటాలు కాల్చి, అదే చేత్తో ఫ్లాస్కులోంచి కప్పులోకి కాఫీ వంచారు. చుక్క ఒలకలేదు. గుర్రం తన్నినట్టు తన్నే తుపాకీ అది. నాకు ఆ రాత్రి చూసిందానికే భుజం నొప్పెట్టింది.

ఇక నా సంగతి. నేను ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుంటాను. మొదటిసారి మాగ్నమ్ కాల్చినప్పుడు అది వెనక్కి తన్ని, పైనున్న దుర్భిణి నా కనుబొమకు కొట్టుకుంది. కంటి చుట్టూ నల్లటి వలయం. ఇంటికెళ్లి మా ఆవిడ నళినికి ఆఫీసులో ఫైళ్ల బీరువా తలుపు తగిలిందని చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. "రేంజిలో మాత్రం ఇవాళ మూడువందల గజాల్లో నడిమి చుక్క కొట్టాను" అని కూడా చెప్పాను. ఆ చుక్క అయిదేళ్లలో పెరిగి పెరిగి ఆరువందల గజాలకు చేరింది.

ప్రతి శనివారం అచ్యుతరావుగారు ఎవరిదో ఒక రైఫిల్ అరువు తెచ్చేవారు. "మీరు అయిదు కాల్చండి కృష్ణమూర్తిగారూ. డేటాకి."

నేను కాల్చేవాణ్ణి. ఆయన నా పక్కనే కూర్చుని కార్డు మీద ఏదో గీకేవారు. హ్యాంక్‌ని మాత్రం ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవారు. "ఇది ఎంత తంతుంది?"

"రావ్, నీకు భుజం నొప్పంటే భయమా?" అని హ్యాంక్ అందరి ముందూ నవ్వేవాడు.

"చాలా భయం హ్యాంక్" అనేవారు ఆయన, శుభ్రంగా ఒప్పుకుంటూ. నలభై తూటాలు కాల్చిన మనిషి అలా ఎందుకంటున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. వినయమేమో అనుకునేవాణ్ణి. నాకు అంటుకోని గుణం కాబట్టి దాన్ని ఎక్కువ పరీక్షించలేదు.

84 వేసవిలో హ్యాంక్ జోడీల పోటీ ప్రకటించాడు. అక్టోబరులో, ఇద్దరికీ ఒకే రైఫిల్, చెరి పది తూటాలు, ఆరువందల గజాలు. అచ్యుతరావుగారు నన్నడక్కుండానే నా పేరు రాయించారు. ఆ సంగతి పద్మినిగారు ఫోన్‌లో నళినికి చెప్పారు.

"నేనూ వస్తాను. ఆ నడిమి చుక్కేదో కళ్లారా చూస్తాను" అంది నళిని.

నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

ఆ మరుసటి శనివారం అచ్యుతరావుగారు తువ్వాల్లో చుట్టిన ఇనప ముక్కను తెచ్చి హ్యాంక్ బల్ల మీద పెట్టారు.

"టూ-ఫార్టీ-త్రీ" అన్నారు.

హ్యాంక్ తువ్వాలు విప్పి ఆ ముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"చిన్న తూటా రావ్. గాలికి త్రీ హండ్రెడ్ కన్నా ఎక్కువ జరుగుతుంది" అన్నాడు హ్యాంక్.

"గాలి సంగతి నేను చూసుకుంటాను."

"బారెల్ కూడా తొందరగా అరిగిపోతుంది."

"అరగనీ." పాత కవర్లు తిప్పి అటువైపు ఉత్తరాలు రాసే మనిషి ఆ మాటన్నారు. "పిడి పొడుగు పదమూడున్నర అంగుళాలు పెట్టు." అంత పొడవాటి మనిషికి అది పొట్టి పిడి. హ్యాంక్ భుజాలెగరేశాడు.

పోటీ రోజు ముందు నా వంతు. వెనక మడతకుర్చీల్లో నళిని, పద్మినిగారు, పులిహోర డబ్బా. పిడి నా భుజానికి కొలిచి చేసినట్టు ఒదిగింది. అచ్యుతరావుగారు ఆవు తోక చూసి, దుర్భిణి మీటను నాలుగు క్లిక్కులు తిప్పి, "ఊ" అన్నారు. నొక్కాను. రైఫిల్ నా భుజాన్ని ఎవరో పలకరించినట్టు తట్టి ఊరుకుంది. జీవితంలో మొదటిసారి అంత దూరాన తూటా దుమ్ము లేపడం నా రెండు కళ్లతో చూశాను. ఎంత బాగుందో చెప్పలేను. పదిలో ఏడు నల్లచుక్కలో పడ్డాయి, ఒకటి సరిగ్గా నడిమధ్య.

మొత్తానికి మూడోవాళ్లం. పొట్టి పిడికి మెడ వంచుకుని కాల్చడంతో అచ్యుతరావుగారికి ఆరే పడ్డాయి.

చేతులు తుడుచుకోవడానికి ఏదైనా ఉందా అని నళిని వెతుకుతుంటే, ఆయన కుర్చీ మీద వదిలేసిన అట్టకార్డుల కట్ట చేతికొచ్చింది. ఒకటి తీసి చదివింది. నాకు అందించింది. ప్రతి కార్డు మీదా వేగం, గాలి, బరువు. చివరి గడిలో నా పేరు.

"త్రీ హండ్రెడ్ మాగ్నమ్: కృ.మూ. కళ్లు మూశాడు, ఐదుకి ఐదు. థర్టీ-ఆట్-సిక్స్: ఐదుకి ఐదు. త్రీ-ఓ-ఎయిట్: ఐదుకి నాలుగు. టూ-ఫార్టీ-త్రీ, దగ్గర గురి: ఒక్కసారీ మూయలేదు."

ఐదేళ్లుగా ఆయన టార్గెట్ వంక కాదు, నా మొహం వంక చూస్తున్నారు.

"బీరువా తలుపు మాట నేను అప్పుడే నమ్మలేదు లెండి" అంది నళిని, నాకు మాత్రమే వినపడేట్టు. తరవాత పులిహోర మొదటి ఆకు అచ్యుతరావుగారికే పెట్టింది.

కార్డుల కట్ట పట్టుకుని నేను ఆయన దగ్గరకెళ్లి అడిగాను. "అయితే మీ కోసమైతే ఏ క్యాలిబర్ తీసుకునేవారండీ?"

ఆయన పులిహోర తింటూ కంచె అవతలి ఆవు వంక చాలాసేపు చూశారు.

"అది వేరే ప్రశ్న కదండీ. దానికింకా డేటా చాలదు."

ఆ పై ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. ఆవకాయ జాడీ పక్కన, కొత్త తువ్వాలు కప్పుకుని, బారెల్ లేని ఇనప ముక్క ఇంకొకటి కూర్చుని ఉంది.