అడగకుండా వేలు పెట్టని దయామణి వదిన

దయామణి వదిన ఇక లేదన్న మాట ఆదివారం ఆరాధన మధ్యలో తెలిసింది. నేను నమ్మలేదు. ఫోన్లో వచ్చిన వార్త కదా, ఎవరు పంపారు, వాళ్లకెవరు చెప్పారు అని అడిగాను. ఆ అనుమానం ఆవిడ నేర్పిందే. వెళ్లి ఆ చల్లని చెయ్యి పట్టుకున్నాక గానీ ఏడుపు రాలేదు. ఇప్పుడు నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

ఆవిడ మా ఆయనకి అక్క. పలాస జీడిపిక్కల కార్ఖానాలో ముప్ఫై ఏళ్లు నా పక్కనే కూర్చుని పిక్కలు కొట్టింది. పని దిగాక ఇల్లిల్లూ తిరిగి సువార్త చెప్పేది. ఎన్నికల ముందు ఒక నాయకుడు మా మందిరంలో మోకరిస్తే అందరం ఆమేన్ అన్నాం. వదిన మాత్రం తల వంచలేదు. "సూడే, ఆడి సూపంతా కెమేరా మీదే" అంది నా చెవిలో.

రేషను కొట్టుకి వేలిముద్ర మిషను వచ్చింది. అంత్యదినాల్లో కుడిచేతికి ముద్ర వేస్తారనీ, అది లేనివాళ్లకి కొనడం, అమ్మడం ఉండదనీ మా సంఘంలో అందరికీ తెలుసు. "కుడిసెయ్యి ఇవ్వకండి. ఎడంసేతికి దోసం లేదు" అంది వదిన. మేమంతా కుడిచెయ్యి కొంగులో దాచుకుని క్యూలో నిలబడ్డాం.

ఒక్క ముద్రా పడలేదు. కొట్టేటప్పుడు పిక్కని పట్టుకునేది ఎడంచెయ్యే మరి. పెంకులోంచి కారే, చర్మం కాల్చే జీడి రసం ఆ వేళ్ల గీతలన్నీ ఎప్పుడో తినేసింది.

"కుడిసెయ్యి పెట్టండమ్మా" అన్నాడు డీలరు. ఎవరూ కదల్లేదు. మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, కోడలు బాలింత. నేను వదిన ముఖంలోకి చూశాను.

"ఏటే, అలా సూస్తన్నావు?"

"నువ్వే కదా వద్దన్నావు వదినా! బాలింతకి ఏటి వండిపెట్టీది?"

వదిన అందర్నీ దాటుకుని డీలరు ముందుకెళ్లింది.

"బావూ, ఈ ఏలు అట్టుకెల్లి ఏటి సేస్తారు? ఎవులు సూస్తారు?"

"నాకేటి తెలుసప్పా? మిషనుకే తెల్సు."

"తెలీనోడివి ఏలెందుకు అడుగుతన్నావురా?"

క్యూ అంతా నవ్వింది. ఆ నవ్వులోనే వదిన అందరికంటే ముందు కుడిచేతి వేలు పెట్టేసింది. "తప్పయితే నా మీదే రాసుకుంటాడు దేవుడు. బాలింతని పస్తుంచమని ఆయన సెప్పలేదు. పెట్టండే!"

ఆ ఆదివారమే సంఘం ముందు నిలబడి, "నాను బయపడి మిమ్మల్నీ బయపెట్టాను" అని ఒప్పుకుంది. అనుమానం మాత్రం మానలేదు. నెలనెలా డీలరుని అదే ప్రశ్న అడిగాకే వేలు పెట్టేది. విసుగు లేదా వదినా అంటే, "అడక్కుండా నమ్మాల్సింది దేవుడొక్కడినే. మిగిలినోల్లందర్నీ అడగాల" అనేది.

ఆవిడ ప్రభువు సన్నిధిలో ఉందన్న విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. అక్కడి దూతలకి నా సానుభూతి.

నిన్న రేషను కొట్టులో కంటిపాపని చూసే మిషను పెట్టారు. "కన్ను పెద్దది సేసి సూడండమ్మా" అన్నాడు డీలరు. ఎవరైనా అడుగుతారేమోనని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఒకరి తర్వాత ఒకరం వెళ్లి, కళ్లు పెద్దవి చేసుకుని నిలబడ్డాం.