ఆ సాయంత్రం మామ ఎక్కడున్నాడో తెలిసిన మనిషి

నిన్న మధ్యాహ్నం బావ ఫోన్ చేసి "అమ్మ పోయింది రా" అన్నాడు.

ఎప్పుడు, ఎక్కడ అని ఏవో పిచ్చి ప్రశ్నలు వేశాను. మొన్ననే ఆస్పత్రి వార్డులో చూసి వచ్చాను కదా. తొంభై దాటిన మనిషి పోతే అంత షాక్ ఏంటి అంటారు మీరు. నేను మాత్రం అవే ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి అడిగాను.

సుశీలత్త. మా నాన్నకు అక్క. మద్రాసు తిరువొత్తియూరులో సగం మందికి టైలరమ్మ.

నీ కథ ఫేస్‌బుక్‌లో పెడతానత్తా అంటే, "నేను పోయినాక రాసుకో పో" అని కసిరేది.

సరే. రాస్తున్నాను.

1950. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. మా మామ వెంకటేశు ఫ్యాక్టరీలో ఫిట్టర్, యూనియన్ మనిషి. మా బావ అప్పుడప్పుడే బోర్లా పడుతున్నాడు. పోలీసులు ఇంటికొచ్చి మామను తీసుకుపోయారు.

ప్రివెంటివ్ డిటెన్షన్. అంటే కేసు లేదు, విచారణ లేదు. ముందు ముందు ఏదో చేస్తాడేమోనని ఇప్పుడే లోపల వేయడం.

ఎందుకు పట్టుకున్నారో మామకు చెప్పారు. కానీ ఆయన ఆ కారణాన్ని ఎవరికైనా చెబితే నేరం. పెళ్లానికి చెప్పినా నేరమే. ఆఖరికి జడ్జి ముందు కూడా నోరెత్తకూడదు. కొత్త చట్టంలో అలాంటి సెక్షన్ ఒకటి పెట్టారు.

లా కాలేజీలో నేను ఈ ముక్క పాఠం చెప్పినప్పుడల్లా స్టూడెంట్స్ నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

జైలు ఇంటర్వ్యూలో కమ్మీల అవతల మామ. పక్కనే కుర్చీ వేసుకుని సీఐడీ మనిషి.

"ఏం చేసినావో నాకన్నా చెప్పు" అని అత్త అడిగింది.

మామ తల వంచుకున్నాడు. "బిడ్డ పాలు బాగా తాగతా ఉండాడా?" అన్నాడు.

అంతే. ఎన్నిసార్లు అడిగినా బిడ్డ సంగతే.

వీధిలో ఒకరు హత్య అన్నారు, ఇంకొకరు ఆడదాని గొడవ అన్నారు. మా తాత చింతాద్రిపేట నుంచి వచ్చి కూర్చున్నాడు. "పెండ్లానికి గూడా చెప్పుకోలేని పని ఏం చేసినాడు మే వాడు? బిడ్డను ఎత్తుకోని మన ఇంటికి వచ్చేయ్" అన్నాడు.

అత్తకూ అనుమానం వచ్చింది. ఈ మాట ఆమే నాతో చెప్పింది. కోపంతో కొన్నాళ్లు జైలుకు పోవడం మానేసింది. ఆ కొన్నాళ్లను తలుచుకుని బతుకంతా ఏడ్చింది.

అప్పుడొచ్చింది సుప్రీంకోర్టు తీర్పు. మద్రాసులో జైల్లో ఉన్న వేరే ఒకాయన వేసిన కేసు అది. డిటెన్షన్ చట్టం చెల్లుతుంది అన్నారు. చట్టంలో రాసిన పద్ధతి పాటిస్తే చాలు, ఆ పద్ధతి న్యాయమైనదా కాదా అని మేం చూడం అన్నారు. ఒక్క ఆ నోరు నొక్కే సెక్షన్ మాత్రం కొట్టేశారు.

యూనియన్ లాయరు ఇంటికొచ్చి చెప్పాడు, ఇప్పుడు కారణం అడగొచ్చమ్మా అని. అత్త బిడ్డను చంకనేసుకుని పరిగెత్తింది.

మామ చెప్పాడు. ఫలానా తేదీ సాయంత్రం పెరంబూరులో మీటింగు పెట్టి జనాన్ని రెచ్చగొట్టాడట.

ఆ తేదీ మా బావ పుట్టిన రోజు.

ఆ సాయంత్రం మామ ఉన్నది ప్రసూతి ఆస్పత్రి వరండాలో. లోపలికి పోనివ్వమని ఆయాతో పోట్లాడుతున్నాడు.

"ఆ పొద్దు నువ్వు నా దగ్గరే ఉండావు గదా! ముందే చెప్పుంటే నేను ఊరుకుందునా?"

"అప్పుడు చెప్పుంటే ఇంకో ఏడాది లోపలేసేవాళ్లు మే."

ఆయన పెరంబూరులో లేడని తెలిసిన మనిషి అత్త. ఆ మనిషికే చెప్పకూడదని చట్టం చేశారు. చూశారా వాళ్ల తెలివి.

అత్త అక్కణ్ణించి నేరుగా లాయరు దగ్గరికి పోయింది. నేను సాక్షిని, ఏ కోర్టులోనైనా చెప్తానంది.

ఆ లాయరు మంచివాడే. ఇబ్బందిపడుతూ చెప్పాడు. "కారణం కోర్టుకు చూపించొచ్చమ్మా. అది నిజమా అబద్ధమా అని మాత్రం కోర్టు చూడదు. నిజమని ప్రభుత్వం అనుకుంటే చాలు."

"మరి నాకెందుకు చెప్పనిచ్చినారు?" అంది అత్త.

ఆయన ఫైలు మూసి తాడు కట్టాడు. ముప్పై ఏళ్లు లా పాఠం చెప్పి రిటైర్ అయిన నేనూ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

ఆ వానాకాలం జైల్లో జ్వరం తగిలి మామ పోయాడు. అత్తకు శవాన్ని అప్పగించారు. ఆమెను సాక్ష్యం ఎవ్వరూ అడగలేదు.

తర్వాత కుట్టుమిషనే బతుకు. మా తాత రమ్మన్నా పోలేదు. "ఆయన్ను అనుమానించిన ఇంటికి నేను రాను" అందట.

ఎమర్జెన్సీ అయిపోయాక ఇంకో తీర్పు వచ్చింది. ఉత్తి చట్టం ఉంటే చాలదు, మనిషి స్వేచ్ఛ తీసుకునే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలి అన్నారు. నేనప్పుడు లా చదువుతున్నాను. ఎగురుకుంటూ పోయి చెప్పాను.

అత్త జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"మంచిది నాయనా. ఎవరికన్నా పనికొస్తుంది లే" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

మొన్న ఆస్పత్రిలో బీపీ చూడ్డానికి నర్సు వచ్చింది. చిన్న పిల్ల, తమిళమ్మాయి. అత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. వదలమంటే నన్ను తిట్టింది.

"ఆ పొద్దు ఆయన పెరంబూరు పోలేదమ్మా. వరండాలో నిలబడుండాడు. మొగబిడ్డ అని ఆయా చెప్తే ఏడ్చినాడు. కిటికీలోంచి నేను చూసినాను. యాడికన్నా వచ్చి చెప్తాను."

"సరి పాటి" అని ఆ పిల్ల తలూపింది, సరే అవ్వా అని. ఒక్క ముక్క అర్థం కాలేదు దానికి.

అత్తా, నాకు అర్థమైంది.

నీ సాక్ష్యం ఇదిగో, నువ్వు చెప్పింది చెప్పినట్టే రాశాను. ఇంతమంది చదువుతున్నారు.

ఇంక నువ్వు ఎక్కడికీ వచ్చి చెప్పక్కర్లేదు. మామ దగ్గర నిమ్మళంగా ఉండు.