ఆగే చోట్లన్నీ తీసేసిన నా ప్రాజెక్టు

ఎంటెక్ చదివే ఆ రోజుల్లో నాకు బొత్తిగా నచ్చని పని ఏదైనా ఉందంటే, అది ఆగడం. గోదావరిఖనిలో పుట్టి, ఆటో నిండితేగానీ కదలని డ్రైవరన్నలతో కొట్లాడుతూ పెరిగినదాన్ని. ఆ కసి అంతా తీసుకెళ్లి ప్రాజెక్టు మీద చూపించాను. ప్రాజెక్టు అనగానే పారిపోకండి, నాలుగు ముక్కల్లో తేలుస్తాను. నాలుగు కంప్యూటర్లను తీగలతో కలిపి, అన్నింటికీ ఒకటే మెమరీ ఉన్నట్టు వాటిని నమ్మించాలి. ఇనుప రేకు మీద వేడి ఎలా పాకుతుందో అవి తలా ఒక పట్టీ చొప్పున లెక్కగడతాయి. అడుగడుగునా నాలుగూ ఆగి, తాము రాసింది పక్కవాటికి తెలియజేసి, మళ్లీ కదులుతాయి. మన ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ చేత, ఆ ఆగే చోట్లలో అనవసరమైనవి ఏరి తీసేయించడం నా పని. అవసరమైనవి కూడా ఉంటాయన్న అనుమానం నాకు రాలేదు. అన్నీ తీసేయించాను.

పని సగం సమయంలో పూర్తయింది. హాస్టలంతా మిఠాయి పంచాను (లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు). తీరా పరీక్షించే రోజున, మేము చాటుగా నిదానం సార్ అని పిలుచుకునే మా గైడు మూడుసార్లు నడిపి చూపించమన్నారు. అదే రేకు, అదే మంట, మూడుసార్లూ మూడు రకాల వేడి. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "ఎండాకాలం మీ గోదావరిఖనిల గూడ ఇన్ని తీర్ల వేడి ఉండదేమో తల్లీ," అన్నారు. వారంలో సరిచేయకపోతే ఇంకో ఆరు నెలలు అక్కడే కూర్చోవాలి, చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. బస్సులో ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

మా నాన్నను నేను బాపు అంటాను. బాపు అప్పుడే మొదటి షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నాడు. బాయిలో, అంటే గనిలో, బొగ్గు గోడకు మందు పెట్టి పేల్చే పని ఆయనది. నా బాధంతా విని, చెయ్యి కడుక్కుని అడిగాడు.

"నలుగురు తలో దిక్కు పని చేస్తున్నరు. ఒకని సంగతి ఇంకొకనికి ఎక్కడ తెలుస్తది?"

"ఆగిన దగ్గర, బాపూ."

"మరి గదే తీసేస్తివి."

అడుగడుగునా అందరూ ఆగితే ఎప్పటికి తెములుతుందని నేను వాదనకు దిగాను.

"అందరెందుకు బిడ్డా? పేల్చేముందు నేను ఆ జాగకొచ్చే దారులల్ల మనుషుల్ని నిలవెడ్త. దారిల ఎవ్వరు లేరని వాళ్ల జవాబు వచ్చేదాక ఆగుత. బాయి మొత్తం ఆపుతనా ఏంది?"

నా పట్టీలదీ అదే కథ. ఒక పట్టీకి కావలసింది పక్క పట్టీల అంచు మాత్రమే. మర్నాడే తిరిగి వెళ్లి, పక్కవాటి జవాబు కోసం మాత్రం ఆగేలా కంపైలర్‌ను మార్చాను. మూడుసార్లూ ఒకే వేడి వచ్చింది. నేను మిఠాయి పంచిన రోజునాటి వేగం లేదు గానీ, అడుగడుగునా అన్నీ ఆగినప్పటికన్నా బాగా నయం. ఈ ఉపాయం ఎలా తట్టిందని సార్ అడిగితే, బాగా ఆలోచించానని తల ఎగరేసి చెప్పాను (ప్రాజెక్టు పుస్తకంలో అందరికీ కృతజ్ఞతలు రాశాను, బాపుకు తప్ప).

ఇప్పుడు బాపు రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంటికి వెళ్లినప్పుడల్లా నేను ఆటోలో కూర్చుని, "జల్ది పోనియ్యన్నా," అని ఇంకా గొణుగుతూనే ఉంటాను. గొణుగుతూనే, మిఠాయి పంచిన అప్పటి ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఎందుకూ పనికిరాదని తను తీసేసిన అలాంటి ఆగడం వల్లే, రోజూ షిఫ్టు కాగానే బాపు ఇంటికి వచ్చేవాడని పాపం ఆ పిల్లకు తెలియదు.