స్టాపర్‌ను వదులుకున్న ఏడాది

మా చిన్నమామగారు పోయిన సంగతి పొద్దున పాలు పొయ్యి మీద ఉండగా తెలిసింది. ఆయన మా మామగారి తమ్ముడు. మార్కాపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. చిన్నత్త ఫోన్లో ఏడవలేదు. “అమ్మాయ్, మీ మామ లేవలా. నువ్వూ అబ్బాయీ ఒకసారి రాండి” అంది. నేనూ మావారూ వెళ్ళేసరికి ఆమె ఆయన మీద దుప్పటి సరిచేసి, ఫ్యాను ఆపేసి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. గుండె జబ్బు సంగతి ఏడాదిగా అందరికీ తెలుసు. ఆ రోజు వచ్చినవాళ్ళలో దుఃఖం కనిపించింది కానీ ఆశ్చర్యం కనిపించలేదు.

ఆయన గురించి రాయాలంటే ఫుట్‌బాల్ గురించి రాయక తప్పదు. ఆయన ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చారు. అక్కడి నుంచి వెంట తెచ్చుకున్నవాటిలో ఒక ఇనుప మంచమూ, ఒక కలకత్తా ఫుట్‌బాల్ జట్టు మీద అభిమానమూ చివరిదాకా మిగిలాయి. మా ఊళ్ళో ఏ టీ బంకు దగ్గర నిలబడ్డా క్రికెట్టే. ఫుట్‌బాల్ గురించి ఆయనతో మాట్లాడేవాళ్ళు లేరు. సాయంత్రం చిన్నత్తకు చింతపండు గింజలు తీయడంలో సాయం చేద్దామని వెళ్ళే నేను ఆయనకు దొరికాను.

నాకు ఆట తెలియదు. ఏ వస్తువు ఇంట్లోకి వచ్చింది, ఏది అయిపోయింది, ఏది ఇంకెన్నాళ్ళు వస్తుంది అని చూసుకోవడం మాత్రం అలవాటు. ఆయనకు అదే కావలసి వచ్చింది. “గోలు కొడితే ఎగిరేవాళ్ళు నాకెందుకు కోడలా. నువ్వు ఎగరవు. కూర్చో” అన్నారు. ఆ విధంగా కొన్నేళ్ళపాటు ఆ జట్టులోకి ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరిని ఎందుకు అట్టిపెట్టుకున్నారు అన్నది ఆయన చెప్పడమూ నేను వినడమూ జరిగింది. చిన్నత్తకు ఇది గిట్టేది కాదు. “ఇద్దరూ కూడి ఆ పిల్లోళ్ళను ఉద్యోగాల్లోంచి తీసేస్తా ఉండండి. ఎవుడి ఉసురన్నా తగులుతాది” అనేది.

ఆయన టీవీ గొంతు పూర్తిగా తగ్గించి ఆట చూసేవారు. వ్యాఖ్యాతల మాట వింటే వాళ్ళు చూపించిందే చూస్తామని ఆయన అనుమానం. నాకు మొదట నేర్పింది కూడా చూపు సంగతే. “బంతి ఉన్నోణ్ణి లోకమంతా చూస్తాది. నువ్వు బంతి లేనోణ్ణి చూడు. వాడు ఏడ నిలబడినాడో చూస్తే జట్టు సంగతి తెలుస్తాది” అనేవారు. నేను చాలాకాలం ప్రయత్నించాను. కళ్ళు బంతి వెంటే పోయేవి. ఒక రోజు ఉన్నట్టుండి ఎడమ పక్క కుర్రవాడు ప్రతిసారీ ఆలస్యంగా వెనక్కి వస్తున్నాడని కనిపెట్టి చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు. “ఊ” అన్నారు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. చిన్నత్త వంటకు కూడా అదే “ఊ”.

ఆటగాళ్ళను బేరీజు వేసే పద్ధతి ఆయనకు వర్క్‌షాపులో వచ్చింది కాదు, సొంతూరు అర్ధవీడులో వచ్చింది. వాళ్ళ నాయన గొర్రెలు కాసేవాడు. ఎండలు ముదరకముందే మందను ఒకచోట నిలిపి ఒక్కొక్కదాని నోరు తెరిచి పళ్ళు చూసి, గిట్టలు చూసి, దేన్ని ఉంచాలో దేన్ని అమ్మాలో తేల్చేవాడట. మేత తక్కువయ్యే కాలంలో అన్నిటినీ సాకలేరు. కండ చూసి ఉంచుకున్నవాళ్ళు మోసపోతారని, పళ్ళు అరిగిన గొర్రె ఎంత బలంగా కనిపించినా ఎండాకాలం దాటదని చిన్నమామ చెప్పేవారు. క్లబ్బులు ప్రతి వేసవిలో ఆటగాళ్ళను వదిలేసే వార్తలు వస్తే ఆయన కళ్ళజోడు తుడుచుకుని ముందుకు జరిగి కూర్చునేవారు. కొత్తగా కొన్న ఆటగాడి ఫోటో నా ఫోన్లో చూపిస్తే “నోరు మూసుకోనుండాడే, నవ్వమను, పళ్ళు చూద్దాం” అనేవారు.

ఈ పద్ధతిని ఆయనే మరిచి మునిగిన సందర్భమూ ఉంది. ఒక ఏడు ఒక విదేశీ ఫార్వర్డ్ వచ్చాడు. ఆ పిక్కలు చూసి చిన్నమామ మురిసిపోయారు. పొట్టేలంటే ఇదీ, మంచి కొనుగోలు అన్నారు. అతను సీజనంతా పెనాల్టీ గీత దగ్గర నిలబడి బంతి తన దగ్గరికే రావాలని ఎదురుచూశాడు. “ఏంది మామా, మీ పొట్టేలు కదలదే?” అని నేను అడిగితే, “మోసపోయినా కోడలా. కొమ్ములు చూసినా గానీ నడిపిచ్చి చూళ్ళా” అన్నారు. తన పొరపాటు ఒప్పుకోవడానికి ఆయనకు రెండో మాట అవసరమయ్యేది కాదు.

ఇక స్టాపర్ సంగతి. గోలు ముందు నిలబడి ఎదుటి ఫార్వర్డ్‌ను ఆపేవాణ్ణి కలకత్తాలో స్టాపర్ అంటారు. ఈ జట్టుకు ఏళ్ళ తరబడి ఒకడే స్టాపర్, అతనే కెప్టెన్. నిరుటి వేసవిలో క్లబ్బు అతన్ని వదిలేసి, ఒక కుర్రవాణ్ణి ఆ స్థానంలో పెట్టింది. సీజన్లో జట్టు చివరి నిమిషాల్లో గోల్స్ ఇచ్చుకుంటూ పోయింది. అభిమానులు తిట్టిపోశారు. చిన్నమామ కూడా తిడతారనుకున్నాను. తిట్టలేదు.

“మా నాయన మందలో ముందర నడిచేదానికి ఒక ముసలి గంటమేక ఉండేది. వాగు ఏడ దాటాలో దానికే తెలుసు. అది పోతే మంద చెదురుతాది. ఈ స్టాపరూ అంతే. అయినా వదిలింది తప్పు కాదు. మోకాలు అయిపోయింది, తిరగల్యాక పోతన్నాడు, అది నీకూ కనపడింది నాకూ కనపడింది. ఇంకొక గంటమేకను తయారు చేసుకోకుండా వదిలినారే, తప్పు అది.”

“అయితే ఓడిపోతున్నారుగా మామా?”

“ఓడినారని చెప్పి అప్పుడు చేసింది తప్పంటే ఎట్ల? ఆట అయినాక ఎవురైనా చెప్తారు. ఆ పొద్దు వాళ్ళకు ఏం తెలుసో, అది పెట్టి చెప్పు. ఆ కుర్రోడు రెండేళ్ళకు నిలబడతాడు. అంతవరకూ పక్కన అనుభవం ఉన్నోడు ఒకడు కావాల.”

క్లబ్బు కెప్టెన్‌ను వదిలేసిన ఆ వేసవిలోనే మేం ఆయన్ను గుంటూరు తీసుకువెళ్ళాం. డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. గుండె కవాటం పాడైంది. ఆపరేషన్ చేయవచ్చు. కానీ ఈ వయసుకు, ఈ షుగరుకు, దెబ్బతిన్న ఈ కిడ్నీలకు తట్టుకుంటారని మాట ఇవ్వలేను, బల్ల మీదే ఏమైనా జరగవచ్చు అన్నాడు. మందులతో అయితే ఎంతకాలమో చెప్పలేనుగానీ ఇంట్లో తన పని తాను చేసుకుంటూ ఉంటారన్నాడు.

చిన్నమామ భార్య వైపు తిరిగి, “నా సంగతి నేను తేలిస్తే పక్షపాతం వస్తాది. కోచ్‌వి నువ్వు. చెప్పు” అన్నారు.

“ఈడ కూడా ఎగతాళేనా నీకు?” అంది చిన్నత్త. తర్వాత డాక్టరును అడిగింది. “మందులేసుకుంటే మనుషుల్ని గుర్తుపడతాడా సార్? తన చేత్తో తను తింటాడా?” రెండింటికీ అవునన్నాడు. “అయితే కోయొద్దు సార్. మందులే రాయండి. ఇంటికి తీసుకపోతా.”

ఆయన ఒక ఫుట్‌బాల్ సీజను మొత్తం చూశారు. తన చేత్తో తిన్నారు. ఈ వేసవిలో క్లబ్బు ఆ కుర్రవాణ్ణి అట్టిపెట్టుకుని, పక్కన నిలబడటానికి ఒక పెద్ద వయసు ఆటగాణ్ణి తెచ్చినప్పుడు, “ఇప్పుడు బుద్ధి వచ్చింది” అన్నారు. అది జట్టు గురించి ఆయన చెప్పిన చివరి మాట. ఆ జట్టు మైదానంలోకి దిగకముందే ఆయన పోయారు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర, ఆయన చెల్లెలు, అర్ధవీడు నుంచి వచ్చిన మావారి మేనత్త, అందరిలో అనేసింది. “ఆ గుంటూరులోనే కోయిచ్చి ఉంటే మా అన్న ఇంకా పదేండ్లు తిరిగేటోడు వదినా. ఇంటికి తెచ్చి పండబెట్టుకుంటివి.” ఆమె తోడబుట్టిన దుఃఖం అది, నేను తప్పు పట్టను. చిన్నత్త విస్తట్లో చేయి అట్లాగే ఉండిపోయింది. మజ్జిగ పోస్తున్న మావారు పోయడం ఆపలేదు.

అప్పటి నుంచి చిన్నత్త సరిగా తినేది కాదు. నేను రోజూ వెళ్ళేదాన్ని. ఒక సాయంత్రం అడిగింది. “నిజం చెప్పమ్మాయ్. నేను చేతులారా చంపుకున్నానా?”

ఓదార్పు మాటలు నాకు రావు. ఆయన ఉంటే ఎట్లా తేల్చేవారో అట్లాగే మొదలుపెట్టాను. “ఆ పొద్దు మనకు ఏం తెలుసో చెప్పత్తా.”

“బల్ల మీదే పోవచ్చన్నాడు.”

“ఇంకా?”

“ఇంట్లో ఉంటే తిరుగుతాడన్నాడు.”

“తిరిగినాడా?”

“తిరిగినాడు.”

“ఆ పొద్దు నీకు తెలిసి, నువ్వు పక్కనబెట్టింది ఏమైనా ఉందా?”

“లేదు” అంది. నాకు కాస్త నెమ్మది కలిగింది. ఆమెకు కలగలేదు. లేచి లోపలికి పోతూ, “నువ్వూ మీ మామ మాదిరే తయారైనావు. మొగుడు పోయి నేనుంటే మార్కులేస్తన్నావు” అంది. ఆమె అన్నదాంట్లోనూ నిజం ఉంది. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కొత్త సీజను మొదలయ్యాక చిన్నమామ బదులు నేనే జట్టును చూస్తున్నాను. గోల్‌కీపర్ నమ్మదగినవాడు. కుర్ర స్టాపర్ పక్కవాడితో మాట్లాడుతున్నాడు, అది నిరుడు లేదు. మధ్యలో ఆడేవాళ్ళకు వయసు మీద పడింది, వచ్చే ఏడాదికి ఇద్దరిని వెతక్కపోతే మళ్ళీ ఇదే కథ. విదేశీ ఫార్వర్డ్ ఒప్పందం ఒక్క ఏటిదే, అతని మీద ఇల్లు కట్టలేం. నా అంచనాకు ఈ ఏడు మూడో నాలుగో స్థానం, ఆ పై ఏడు ఇంకాస్త మెరుగు. చిన్నమామ ఉంటే “ఊ” అనేవారనుకుంటాను.

మొన్న ఆదివారం సాయంత్రం మావారూ నేనూ చిన్నత్త ఇంట్లో ఆట చూస్తున్నాం. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. రెండో సగంలో కోచ్ ఫార్వర్డ్‌ను బయటికి పిలిచి ఇంకొకణ్ణి పంపాడు. కాసేపటికి ఎదుటివాళ్ళు గోలు కొట్టి సమం చేశారు. మావారు తొడ చరుచుకున్నారు. “చూసినావా చిన్నమ్మా! వాణ్ణి తీయకుండా ఉంటే గెలిచేటోళ్ళు.”

“వాడు అప్పటికే కాలు ఈడుస్తన్నాడు నాయనా” అంది చిన్నత్త. “నువ్వు చూళ్ళేదేమో, నేను చూసినా. తీయక ఏం చేస్తాడు ఆయప్ప?”

మావారు నా వైపు చూశారు. నేను తెర వైపే చూశాను. బయటికి వచ్చిన ఆ ఆటగాడు బెంచీ మీద మెడకు తువ్వాలు వేసుకుని, బూటు లేసులు వదులు చేసుకుని నీళ్ళు తాగుతున్నాడు. కెమెరా అతని మీద నుంచి మైదానం వైపు మళ్ళింది. చేతిలో అనపకాయ ఒలవకుండా పట్టుకుని, చిన్నత్త అతను కనిపించిన మూలకే ఇంకా చూస్తోంది.