రాజారావు గారి నీళ్ల పరీక్ష

మా ఆవిడ కృష్ణవేణి అమెరికాలో, ఆష్‌బర్న్ అనే ఊళ్లో స్కూల్ బస్సు నడుపుతుంది. ఇక్కడ మనవాళ్లంతా కంప్యూటర్ల ముందు కూర్చుంటే, ఈవిడ నలభై అడుగుల పసుపుపచ్చ బండిని సందుల్లో అలవోకగా తిప్పుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఒకటే రూటు. పొద్దున యార్డులోంచి తీసిన బస్సు సాయంత్రానికి మళ్లీ అదే యార్డులో పెట్టాలి. "వెనక్కి రానక్కర్లేని డ్రైవింగ్ ఒక్కసారి చేయాలండీ" అనేది ఆవిడ కోరిక. నేను డేటా సెంటర్‌లో ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరిగెత్తాల్సిన ఆన్‌కాల్ మనిషిని. "చూద్దాంలే" అంటూ పద్దెనిమిదేళ్లు నెట్టుకొచ్చాను.

మొన్న జూన్‌లో, స్కూళ్లకి సెలవులిచ్చిన శుక్రవారం, ఆవిడ మా కారు వెనక ఒక ట్రైలర్ తగిలించుకుని ఇంటికొచ్చింది. రిటైరైన తోటి డ్రైవర్ ఊరికే ఇచ్చాడట. రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, సింకు ఉన్న చక్రాల ఇల్లు. వయసు ముప్పై ఏళ్లు. తలుపు దగ్గర కాలు పెట్టగానే నేల మెత్తగా దిగబడింది.

"చెక్క చివికిపోయింది వేణీ. నేలంతా ఇలాగే ఉంటే బాగుచేయడం శుద్ధ దండగ. మన కాలనీ సంఘం, ఆ హెచ్‌ఓఏ వాళ్లు, ఇంటి ముందు రెండ్రోజులకి మించి ఉంచనివ్వరు. ఆదివారం స్క్రాప్ వాణ్ణి రమ్మంటాను" అన్నాను. ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

శనివారం పొద్దున నేను లేచేసరికి కొంప మునిగింది. కొత్తిల్లు కడగకుండా లోపల కాలుపెట్టని మనిషి కదా, పసుపు నీళ్లు నాలుగు బకెట్లు ట్రైలర్‌లో గుమ్మరించి, చీపురుతో మూలమూలా కడిగేస్తోంది.

"అది గచ్చు కాదే! చెక్క! ఉన్న కాస్తా నువ్వే చివికిస్తున్నావ్!" అని అరిచాను. చీపురు ఆగిపోయింది. ఆవిడ మొహం చూసి నాకే జాలేసింది.

అప్పుడే పక్కింటి ఉజ్వల వాళ్ల నాన్న రాజారావు గారు నిమ్మకాయలు పట్టుకొచ్చారు. చక్రాల కింద పెట్టడానికి మా ఆవిడే తెమ్మంది. ఆయన మన ఆర్టీసీ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు బస్సు బాడీలు కట్టిన మనిషి. నిమ్మకాయలు నా చేతిలో పెట్టి, ట్రాక్ ప్యాంటు పైకి మడిచి, ట్రైలర్ కిందికి దూరారు.

"అమ్మాయిని తిట్టకండి బాబూ, మంచి పనే చేసింది! తలుపు కిందే కారుతోంది, ఇంకెక్కడా చుక్క లేదు. కొత్త బస్సుని మేమూ ఇలాగే చూసేవాళ్లం. పైన నీళ్లు కొట్టేవాళ్లం. లోపల కూర్చున్నవాడు కారినచోట సుద్దతో గీత గీసేవాడు. అమ్మాయ్, పైపు తీసుకుని నిచ్చెనెక్కు!"

ఆవిడ పైనుంచి నీళ్లు కొడుతోంది. ఆయన లోపల. నేను మధ్యలో నిలబడి అరవడానికి.

"కిటికీ?"

"పొడి!"

"వెనక మూల?"

"పొడి!"

ఒక్కో "పొడి"కీ నాకు హుషారు ఎక్కిపోతోంది. చివరికి ఒకే ఒక్క గీత పడింది, తలుపు నెత్తిన. తర్వాత ఆయన స్క్రూడ్రైవర్‌తో నేలంతా పొడిచి చూశారు. తలుపు దగ్గర రెండడుగుల మేర తప్ప ఎక్కడా దిగలేదు. నమ్మలేక నేనూ లాక్కుని పొడిచాను. దిగలేదు! ఈల వేయాలనిపించింది, వేశాను కూడా.

"తలుపు పైన సీలు పోయిందంతే. అది మళ్లీ పెట్టి, కింద చివికిన ముక్క కోసి కొత్త చెక్క వేస్తే చాలు, రేపు సాయంత్రానికి రోడ్డెక్కేస్తుంది. ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది బాబూ, నాకెవరూ ఒక్క పనీ చెప్పలేదు. ఇది నాకొదిలేయండి" అన్నారు రాజారావు గారు.

కృష్ణవేణి తడిసి ముద్దై నిచ్చెన మీంచి అడిగింది. "ఏవండీ, ఉంచుదామా?"

"చూద్దాంలే" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. స్క్రాప్ వాడికి ఫోన్ చేసి రావద్దన్నాను. ఆ వెంటనే మా మేనేజర్‌కి చేసి రెండు వారాలు సెలవన్నాను. పైనుంచి ఆవిడ నా మీదే నీళ్లు కొట్టింది.

ఆదివారం సాయంత్రం ఆరింటికి, కొత్త చెక్కతో సిద్ధమైన బండి చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. రాజారావు గారు రోడ్డు మధ్యలో నిలబడి, డిపో వాళ్లలా చెయ్యి ఊపి "రైట్ రైట్!" అన్నారు. మొదటి మలుపు దగ్గర మా ఆవిడ చెయ్యి అలవాటుకొద్దీ బస్సు యార్డు వైపు ఇండికేటర్ వేసింది. నేను చెయ్యి చాచి ఆపేశాను. ఆవిడ నావైపు చూసి, కళ్లు తుడుచుకుని, రెండో వైపు తిప్పింది.